బుడగ చెప్పిన జాడ



నేను తుంగతుర్తి ప్రాంతమువాడను. మాకు సముద్రము దూరము, చెరువు దగ్గర. చేపలవేటను గూర్చి నేను నేర్చిన మొదటి పాఠము చెరువుకట్టపైననే జరిగినది. నా బాల్యమున ఒక వృద్ధుడు వల భుజమున వేసికొని, కట్టమీద చాలసేపు నీటివంక చూచుచు నిలుచుండెడివాడు. "తాతా, వల వేయవేమి?" అని యొకనాడడిగితిని. "నిలువుము బిడ్డా, బుడగలు లేచుచోటు చూడనిమ్ము. చేప యున్నచోట బుడగ లేచును" అని యాయన బదులు చెప్పెను.

ఇదే మాటను జపానుదేశపు జాలరి యొకడు ఫురునో కియొటక యను విద్యుత్పరికరముల పనివానికి చెప్పెనట. ఆ మాటనుండియే నేటి మరపడవలలో చేపలజాడ తెలుపు యంత్రము వాడుకలోనికి వచ్చినది. దాని చరిత్రమును, దానిని పడవకు బిగించుటయందలి చిక్కును నేడు మీకు మనవి చేయుదును.

శబ్దముతో నీటిలోపల వెదకవలెనను పూనిక యొక విపత్తుతో బలపడినది. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మంచుకొండను తాకి మునిగెను. దాదాపు 1,500 మంది ప్రాణములు గోలుపోయిరి. 1914లో కెనడాదేశీయుడగు ఫెసెండెన్, శబ్దమును నీటిలో పంపి మంచుకొండనుండి దాని ప్రతిధ్వనిని రాబట్టెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో లాంజెవాన్ అను పండితుడు స్ఫటికపు పలకను విద్యుత్తుచే కదలించి, మనుష్యుల చెవికి వినరాని ధ్వనిని పుట్టించెను. శత్రువుల జలాంతర్గాములను పట్టుటకే ఆ ప్రయత్నము. యుద్ధమునకై పుట్టిన విద్య కొలదికాలముననే వేటకును వచ్చినది. 1929లో జపానులో కిమురా యను శాస్త్రజ్ఞుడు చేపలను పెంచు మడుగులో ఈ ఉపాయమును పరీక్షించెను. 1935లో నార్వేదేశపు సుండ్ అను నాతడు సముద్రములోని కాడ్ చేపల గుంపులను కాగితముపై గీతలుగా చూపెను. తుదకు 1948లో ఫురునో సోదరులు జాలరులు కొని వాడదగిన యంత్రమును చేసి యిచ్చిరి.

దీని పని తెలియుట కష్టము కాదు. సముద్రపు నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. పడవ యడుగున నమర్చిన బిళ్ళ యొక ధ్వనిని క్రిందికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనికై వేచియుండును. సెకనులో పదియవ వంతునకు ప్రతిధ్వని వచ్చినచో అడ్డు 75 మీటర్ల లోతున నున్నదన్నమాట. అనేకజాతుల చేపల కడుపులో గాలితిత్తి యుండును. ప్రతిధ్వనిని గట్టిగా మరలించునది ముఖ్యముగా ఆ తిత్తిలోని గాలియే. అది లేని సొరచేపయు, రొయ్యయు అంత స్పష్టముగా కనబడవు.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. చేపను చూపునది గాలి. యంత్రమును గ్రుడ్డిదానిగా చేయునదియు గాలియే. పడవ పరుగిడునపుడు అడుగున బుడగలు జారును. పంకా తిరుగుచోట మరింత నురుగు లేచును. బిళ్ళ ఆ నురుగులో పడినచో ధ్వని చేపవఱకు పోదు. కావున ఎంత వెలగల యంత్రమును కొంటిమనుటకంటె, దాని బిళ్ళను ఎచట బిగించితిమనుటయే ముఖ్యము.

బిగించుటకు ముఖ్యముగా నాలుగు మార్గములు గలవు. పడవ యడుగున రంధ్రము చేసి నిలుపుట యొకటి. ఒంటిపొర ఫైబరు పడవయైనచో లోపలనే జిగురుతో నంటించుట రెండవది. ధ్వని ఫైబరును దాటిపోవును గాని కొంత బలము తగ్గును. వెనుకపలకకు తగిలించుట మూడవది. ఇది చిన్నపడవలకు తగును. గడకు కట్టి ప్రక్కనుండి నీటిలోనికి దించుట నాలుగవది. మన తీరమున అలలు దాటి ఇసుకపైకి లాగు తెప్పలకు ఇదియే మేలు. అడుగున పొడుచుకొని యున్నది ఇసుకరాపిడికి నిలువదు గదా!

కొన్నియేండ్ల క్రిందట వేసవిలో విశాఖపట్టణపు చేపలరేవునకు పోయితిని. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషేధము. పడవలను బాగుచేయుకాలము అదియే. ఒక కొయ్యపడవ యజమాని దిగులుతో కూర్చుండియుండెను. క్రిందటి యేట భార్యమెడలోని బంగారము కుదువబెట్టి యంత్రమును కొనెను. బిగించినవాడు బిళ్ళను వెనుక పంకాకు చేరువనే పెట్టి పోయెను. పడవ కదలిన వెంటనే తెరనిండ చుక్కలు! సరంగు వానిని చేపలని తలచి వల దింపుచుండెను. డీజిలు కాలినది, వల రిక్తముగా వచ్చినది.

"లోపలనే యంటింతము నాయనా, చిల్లు వలదు" అని కుమారుడనెను. ముసలి వడ్రంగి పలకను తట్టి చూపి, "ఇది ఫైబరు కాదు బాబూ, కొయ్య. దీని పీచులో గాలి యున్నది. ధ్వని దాటదు" అనెను. యజమాని పడవవంక చూచి, "నన్ను బ్రదికించిన పడవకు నా చేతితోనే చిల్లు పొడువవలెనా?" అనెను. కొంతసేపు ఎవరును పలుకలేదు. పిదప ఆయనయే సుద్దతో గుర్తు పెట్టెను: పంకాకు చాల ముందుగా, ఇంజనుకును ముందు, వెన్నుకఱ్ఱకు కొంచెమెడముగా. అడుగు ఏటవాలుగా నుండుటచే వడ్రంగి ఒక దిమ్మను చెక్కి, బిళ్ళ నిట్టనిలువుగా క్రిందికి చూచునట్లు కూర్చెను.

వర్షాకాలమున మరల కలిసితిని. "బంగారము విడిపించితిరా?" అని యడిగితిని. "ఇంకను లేదు బాబూ. చేపలు దినమును దొరకవు. కాని తెర యిపుడు అబద్ధమాడుట లేదు. లేనిచోట వల దింపుట మానితిమి" అనెను. ఆ మాటలో నాకు నిండుసంతృప్తి కనబడెను.

హైదరాబాదులో 1999లో నెలకొన్న సముద్రసమాచార కేంద్రము, ఉపగ్రహములు తెలుపు నీటివేడిమిని, రంగును బట్టి చేపలు దొరకదగిన తావులను జాలరులకు తెలుపుచున్నది. ఆ తావునకు చేరిన పిదప పడవ క్రింద నేమున్నదో చెప్పవలసినది ఆ బిళ్ళయే. మా తాతకు తెరయు లేదు, ఉపగ్రహమును లేదు. అయినను ఆయన నీటిని కలచక, కదలక నిలిచి చూచెడివాడు. బిళ్ళకును కావలసినది అట్టి కలతలేని చోటే. సెలవు.