గుండె కూడ ఒక గ్రంథియే

జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు మేక గుండెను కోసి విద్యార్థులకు చూపేటప్పుడు క్రింది గదుల గోడలు మందంగాను, పై గదుల గోడలు పలుచగాను ఉంటాయని చెబుతాడు. క్రిందివి జఠరికలు, పైవి కర్ణికలు. రక్తాన్ని ఊపిరితిత్తులకు, దేహమంతటికీ నెట్టవలసినవి జఠరికలు కనుక వాటికి బలం కావాలి. మరి కర్ణికల పని ఏమిటి? రక్తాన్ని పట్టి క్రిందికి దింపడమే అని చాలకాలం అనుకున్నారు. 1628 లో విలియం హార్వే రక్తప్రసరణను వివరించిన నాటినుండి గుండె అంటే పంపు అనే భావం అంత గాఢంగా నాటుకుపోయింది. ఈ పంపు ఒక హార్మోనును కూడ తయారుచేస్తుందనడానికి ఆధారాలు పాతికేండ్లపాటు కళ్ళెదుటే ఉండినవి. వాటిని కలిపి చూచినవారు లేకపోయారు.

ఆ ఆధారాలు రెండు. రెండూ 1956 లోనివే. కిష్ అనే శాస్త్రజ్ఞుడు గినీపంది కర్ణికలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, అక్కడి కండర కణాలలో చిన్న చిన్న నల్లని రేణువులను చూచాడు. ఇక హెన్రీ, గావర్, రీవ్స్ అనేవారు కుక్క ఎడమ కర్ణికలో ఒక బుడగను ఉబ్బించారు. కర్ణిక సాగినకొద్దీ కుక్కకు మూత్రం అధికంగా రాసాగింది. నాడుల ద్వారా మెదడుకు కబురు అందడమే దీనికి కారణమని వారు చెప్పారు. అది కొంతవరకు నిజమే కూడ. 1964 లో జేమీసన్, పలాడీ ఆ రేణువులను మరింత నిశితంగా వర్ణించారు. హార్మోనులను స్రవించే గ్రంథుల కణాలలోని రేణువులకూ వీటికీ పోలిక స్పష్టంగానే ఉంది. కాని కండరంలో గ్రంథి పని ఏమిటి? కణాలను చూచేవారు మూత్రాన్ని కొలవలేదు. మూత్రాన్ని కొలిచేవారు కణాలను చూడలేదు.

ఈ రెంటినీ ముడివేసినవాడు అడాల్ఫో డి బోల్డ్. అర్జెంటీనాలో పుట్టి, కెనడాలోని కింగ్‌స్టన్ నగరంలో పనిచేసిన ఈయన ఎలుకల కర్ణికలలోని రేణువులను ఓపికగా లెక్కించాడు. దేహంలో నీరు, ఉప్పు హెచ్చుతగ్గులైనప్పుడు వాటి సంఖ్య మారుతుందని గమనించాడు. ఆపైన టొరంటోలో మూత్రపిండాలపై పరిశోధించే సోనెన్‌బర్గ్ మొదలైనవారితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఎలుకల కర్ణికలను నూరి తీసిన రసాన్ని మత్తులో ఉంచిన ఎలుకల సిరలోనికి ఎక్కించారు. మూత్రంతో పోయే సోడియం 30 రెట్లకు మించి పెరిగింది, మూత్రం 10 రెట్లయింది. జఠరికల రసం ఎక్కిస్తే ఏ మార్పూ లేదు. ఎంత సులభమైన ప్రయోగమో చూడండి! 1981 లో ఇది ప్రకటితమైంది.

జరిగేది ఇది: రక్తం పరిమాణం హెచ్చితే కర్ణికల గోడలు సాగుతాయి, రేణువులలోని హార్మోను రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాలు ఉప్పును బయటకు పంపుతాయి, ఉప్పు వెంట నీరూ పోతుంది. రక్తనాళాలు కూడ సడలుతాయి. 1984 లో జపానులో కంగావా, మత్సువో మానవ హార్మోను నిర్మాణాన్ని తేల్చారు. అది 28 ఆమినో ఆమ్లాల గొలుసు. అందులో 17 ఒక ఉంగరంగా ముడిపడి ఉంటాయి. 1988 లో పంది మెదడులో దీని తోబుట్టువు దొరికింది. మెదడులో దొరికినందున ‘బి’ అని పేరు పెట్టారు గాని, దానికి ప్రధానమైన పుట్టిల్లు కూడ గుండే అని తరువాత తేలింది. పేరు మాత్రం మారలేదు. ఇంకొక చిత్రం: 1992 లో ఆఫ్రికాలోని పచ్చ మాంబా పాము విషంలోనూ ఇటువంటి ఉంగరపు గొలుసు కనబడింది. భద్రాచలం అడవులలోని నాగుపాము, కట్లపాము ఆ మాంబా కుటుంబానివే.

జంతువుల గుండెలనుండి ఈ హార్మోను బహు స్వల్పంగా లభిస్తుంది. కావున మానవ జన్యువును బాక్టీరియాలో చేర్చి దానిచేత తయారు చేయించారు. ఇదే పునస్సంయోజక విధానం. 1997 లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ కామెర్ల టీకాను ఈస్టుచేత చేయించినదీ ఈ విధానంలోనే. బాక్టీరియా చేసిన ‘బి’ హార్మోనును 2001 లో అమెరికాలో గుండె వైఫల్యానికి మందుగా అనుమతించారు. ఆశ ఫలించలేదు. 2011 లో 7,141 మంది రోగులపై జరిపిన పరీక్షలో అది మరణాలను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

మందుగా ఓడినది కొలతగా గెలిచింది. దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెలలో ఒకరికి ఆయాసం వచ్చిందనుకుందాం. దోషం ఊపిరితిత్తులదా, గుండెదా? అడవి దాటి భద్రాచలం, అక్కడినుండి సుమారు 120 కిలోమీటర్లు ఖమ్మం పోవలసిన మనిషికి ఇది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. అలసిన గుండె ఈ హార్మోనును అధికంగా విడుస్తుంది కనుక రక్తపు బొట్టు జవాబు చెప్పగలదు. 2002 లో ఆయాసంతో వచ్చిన 1,586 మందిని పరీక్షించగా, మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల గీత వద్ద నూటికి 83 మందిలో నిర్ణయం సరిపోయింది. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లవ వంతు! ఇంత సూక్ష్మమైన కొలతకు, తెలిసిన పరిమాణంలో శుద్ధమైన హార్మోను పక్కన ఉండి తీరాలి. రసాయనికంగా కూర్చినదో, బాక్టీరియాచేత చేయించినదో ప్రయోగశాలలో ఆ తూకపురాయి పని చేస్తుంది. కణాలపై దాని ప్రభావాన్ని పరిశీలించేవారికీ అదే ఆధారం.

మందు వేట కూడ ఆగలేదు. హార్మోనును బయటినుండి ఎక్కించే బదులు, దేహంలో దానిని విరిచే ఎంజైమును అడ్డగించే మార్గం పట్టారు. అటువంటి మందు 2015 లో వాడుకకు వచ్చింది.