ఇరానీ హోటలు: కథకెక్కినవాళ్ళూ, కథకెక్కనివాళ్ళూ

పాతబస్తీలో ఏ పాత హోటల్లో కూర్చున్నా, చాయ్ రాకముందే కథ వస్తుంది. ఆ మూల బల్ల దగ్గర ఒకప్పుడు పేరుమోసిన పహిల్వాన్ కూర్చునేవాడంటారు. ఆయన లేచి నిలబడితే వీధిలో దుకాణాలు మూతపడేవంటారు. ఎంతటి భూమి తగాదా అయినా రెండు కప్పుల చాయ్ పూర్తయ్యేలోగా తేలిపోయేదంటారు. చెప్పేవాడు మరికాస్త వయసు మళ్ళినవాడైతే కథ రజాకార్ల రోజులదాకా పోతుంది. ఇందులో నిజమెంత, కల్పన ఎంత అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. హోటలు చరిత్ర అనేసరికి మనకు ఈ కథలే ఎందుకు మిగిలాయి, తక్కినవి ఎక్కడికి పోయాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు ఈ హోటళ్ళు ఎలా వచ్చాయో చూడాలి. హైదరాబాదుకూ ఇరాన్‌కూ సంబంధం కొత్తది కాదు. 1591లో ఈ నగరానికి పునాది వేసిన నాడు కుతుబ్‌షాహీల పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడే. అయితే అది పండితులూ, ప్రభువులూ నడిచిన దారి. హోటలు పెట్టినవాళ్ళు వచ్చిన దారి వేరు. 1870-72 మధ్య ఇరాన్‌లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో యజ్ద్ వంటి ప్రాంతాల పేదలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఓడలెక్కి బొంబాయి చేరారు. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఆ రైలు దారినే కొందరు దక్కన్‌కు కదిలారు. బొంబాయిలో హోటళ్ళు పెట్టిన ఇరానీలలో జొరాస్ట్రియన్లు ఎక్కువ, హైదరాబాదులో షియా ముస్లిములు ఎక్కువ. మతం ఏదైనా ఇద్దరినీ ఊరు వదిలించింది ఆకలే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పయ్యాయి, పత్తర్‌గట్టీలో రాతి కమానుల బజారు లేచింది. కొత్త కూడళ్ళు వచ్చాయి, కూడళ్ళలో నాలుగు దిక్కుల నుంచీ మనుషులు వచ్చారు. ఇరానీ హోటలుకు కావలసింది సరిగ్గా అదే. పోతే, 1930లలో ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్ల ఎగుమతులు దెబ్బతిన్నప్పుడు, తేయాకు తోటల యజమానులు సరుకును దేశంలోనే అమ్ముకోవడానికి పెద్దఎత్తున ప్రచారం సాగించారు. మన తాతలు గంజీ మజ్జిగా మాని చాయ్‌కి అలవాటు పడటం వెనుక ఈ వ్యాపార అవసరం కూడా ఉంది.

మనం ఇరానీ చాయ్ అని పిలిచేది ఇరాన్‌లో దొరకదు. అక్కడ పాలు పోయరు. మూతబిగించిన గిన్నెలో డికాక్షను గంటలతరబడి మరగడం, పక్కన పాలు విడిగా చిక్కగా కాగడం, అడిగినవాడి రుచిని బట్టి రెంటినీ కప్పులో కలపడం, ఇదంతా ఇక్కడ ఏర్పడిన పద్ధతి. ఉస్మానియా బిస్కట్టు సంగతీ అంతే. నిజాం కోసం చేశారని ఒకరు, ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం చేశారని ఇంకొకరు చెబుతారు. ఏ కథలో చూసినా ప్రభువు పేరు ఉంటుంది. బట్టీ ముందు నిలబడి దాన్ని మొదటిసారి కాల్చినవాడి పేరు మాత్రం ఏ కథలోనూ ఉండదు.

ఈ హోటలు సాధించిన పెద్ద విజయం చాయ్ కాదు, కూర్చోబెట్టడం. బ్రాహ్మణులకు వేరే గది, తక్కినవారికి వేరే గది ఉన్న భోజన హోటళ్ళ కాలంలో, పల్లెల్లో దళితుడికి వేరే గ్లాసు పెట్టే దేశంలో, ఇరానీ హోటలు కులం అడగలేదు. చలువరాతి బల్ల ముందు రిక్షావాడూ, గుమస్తా, విద్యార్థీ, కోర్టు పక్షికీ పక్కపక్కన కూర్చున్నారు. ఒక చాయ్‌ని రెండు చేసుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాడు లేడు. అలాగని దీన్ని సమతా మందిరంగా చిత్రించడం పొరపాటే అవుతుంది. తురకల హోటలని గడప తొక్కని సవర్ణులు చాలామందే ఉన్నారు. స్త్రీలు వస్తే పరదా కట్టిన ఫ్యామిలీ గదిలోకే పోవాలి. మరొక అన్యాయం వంటింటి వైపు ఉంది, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళలో కవులున్నారు, పోరాటకారులున్నారు. మూసీ దక్షిణపు ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ కామ్రేడ్స్ అసోసియేషన్‌లో ముఖ్యుడు, తర్వాత కార్మిక సంఘాల నాయకుడు. 1944లో ఆయన ‘సుర్ఖ్ సవేరా’ వెలువడింది. 1945లో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ హైదరాబాదులోనే జరిగింది. ఆ ప్రయాణం మీద కృషన్ చందర్ ‘పౌదే’ రాశాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1943లో, తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మన సంఘం పుట్టింది. రెండు భాషల్లోనూ ఒకే గాలి వీస్తున్న రోజులవి. ఆ తర్వాతి కాలంలో మఖ్దూం, ఆయన మిత్రులు మూసీ అవతల ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో గంటలతరబడి కూర్చునేవారన్నది ఈ నగర సాహిత్య చరిత్రలో అందరికీ తెలిసిన విషయం. అద్దెకట్టి హాలు తీసుకోలేని సాహిత్యానికి చాయ్ బల్లే సభాస్థలి అయింది.

మరి పహిల్వాన్ ఎక్కడి నుంచి వచ్చాడు? తాలీంఖానాలో మట్టి పూసుకుని కుస్తీ నేర్చినవాడు మొదట వీధి గౌరవానికి గుర్తు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పడిపోయింది. ఆ రాజ్యపు సైన్యంలో, కచేరీల్లో, దేవిడీల్లో చిన్న చిన్న కొలువులు చేసిన వేలాది కుటుంబాలకు జీతం పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది రావలసిన మార్పే. కానీ కొలువు పోయినవాడికి మరో పని చూపే బాధ్యతను ఏ ప్రభుత్వమూ తలకెత్తుకోలేదు. నగరం పెరిగేకొద్దీ హక్కు పత్రాలు తేలని భూముల ధరలు పెరిగాయి. కోర్టులో తీర్పుకు ఒక తరం పడుతుంది, పహిల్వాన్ దగ్గర ఒక పూట చాలు. ఆ విధంగా కుస్తీవాడి కండబలానికి భూమి వ్యాపారంలో ధర పలికింది. 1978 నుంచి 1990 దాకా కర్ఫ్యూల మీద కర్ఫ్యూలు వచ్చాయి. ఒక్క 1990 డిసెంబరు అల్లర్లలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ అల్లర్లపై పుస్తకం రాసిన మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ రెండు మతాల పహిల్వాన్లతోనూ మాట్లాడాడు. ఎవరి మతంలో వాళ్ళకు వాళ్ళు రక్షకులు. కర్ఫ్యూలో పస్తున్నది మాత్రం రెండు మతాల రోజుకూలీలూను.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. ఇటలీ పేదలు కూడా ఇలాగే ఓడలెక్కి అమెరికా చేరారు, న్యూయార్కులో వీధివీధినా చిన్న భోజనశాలలు పెట్టుకున్నారు. మల్బెరీ వీధిలోని అంబెర్టోస్ అనే హోటల్లో 1972 ఏప్రిల్ 7న జో గాలో అనే ముఠా నాయకుణ్ణి కాల్చి చంపారు. ఆ హత్యతో ఆ హోటలు ప్రపంచమంతటా పేరు పొందింది. ఆ ఇటలీ వలసజనంలోనే ఆర్తురో జొవాన్నిత్తీ అనే కవి ఉన్నాడు. 1912లో లారెన్స్ పట్టణంలో ఇరవైవేలమందికి పైగా బట్టలమిల్లు కార్మికులు సమ్మె చేస్తే వారికి నాయకత్వం వహించాడు. తను అక్కడ లేని సమయంలో జరిగిన హత్యకు బాధ్యుణ్ణి చేసి జైల్లో పెట్టారు, చివరకు నిర్దోషిగా విడుదలయ్యాడు. గాలో ఎక్కడ కూలాడో చూపించేవాళ్ళు ఎందరో ఉన్నారు. జొవాన్నిత్తీ ఎక్కడ తిన్నాడో అడిగేవాళ్ళే లేరు.

ముఠా కథ అమ్ముడుపోతుంది, అందుకే మిగులుతుంది. పేదరికం గురించి, కొలువులు పోవడం గురించి, భూమి ధర గురించి అది అడగదు. ఒక్క మనిషి గుండె నిబ్బరంగా అన్నిటినీ మార్చి చూపుతుంది. భయపెట్టినవాడు వీరుడవుతాడు, భయపడినవాళ్ళు కథలో ఉండరు.

ఇప్పుడు వంటింటి వైపు వద్దాం. తెల్లవారకముందే బొగ్గు రాజేసినవాడు, పొద్దుపోయాక ఆ బల్లల మీదే పడుకున్నవాడు, ‘ఛోటూ’ అన్న పిలుపు తప్ప మరో పేరు లేని కుర్రవాడు, వీళ్ళ చరిత్ర ఎవరు రాశారు? 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చినా, హోటళ్ళలో పిల్లల్ని పెట్టుకోవడం నిషేధించిన ఉత్తర్వు అమలులోకి రావడానికి 2006 అక్టోబరు దాకా పట్టింది. మనం కవిత్వం గురించి వాదించుకుంటున్న బల్లను తుడిచినవాడు కూడా చాలాసార్లు పిల్లవాడే. ఇది అభ్యుదయ రచయితలమైన మనం కూడా ఒప్పుకోవలసిన విషయం. చాయ్ మీద రాసినవాళ్ళం, చాయ్ తెచ్చినవాడి మీద ఎంత రాశాం?

పాత ఇరానీ హోటళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. స్థలం విలువ చాయ్ లాభాన్ని మించిపోయింది, కొత్త తరం యజమానులకు ఈ వ్యాపారం మీద మోజు లేదు. మూతపడిన ప్రతి హోటలుతోపాటు ముప్పై నలభై ఏళ్ళు కప్పులు మోసిన మనుషుల జ్ఞాపకం కూడా పోతుంది. వాళ్ళలో కొందరింకా మన మధ్య ఉన్నారు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎంత జీతానికి కుదిరారు, కర్ఫ్యూ రాత్రుల్లో షట్టరు లోపల ఏం తిన్నారు, ఏ కవి బాకీ పెట్టి పోయాడు, ఇవన్నీ వాళ్ళకు తెలుసు. పాతబస్తీలో కూర్చుని పహిల్వాన్ కథ వినడం ఆనందమే. విన్న తర్వాత కప్పు తీసుకెళ్ళేవాణ్ణి ఒక్క క్షణం ఆపి, ‘భయ్యా, నీ పేరేమి?’ అని అడగాలి. ఈ హోటలు చరిత్ర అక్కడి నుంచి మొదలుకావాలి.