మెదడులో ఆగని గస్తీ

జర్మనీలోని హైడెల్‌బర్గ్, మాక్స్ ప్లాంక్ వైద్య పరిశోధన సంస్థ. మత్తులో ఉన్న చిట్టెలుక పుర్రె ఎముకను వెలుతురు దూరేంత పలచగా అరగదీశారు. మైక్రోస్కోపు కింద, మెదడు లోపల, ఆకుపచ్చగా మెరుస్తున్న కణాలు. అవి మైక్రోగ్లియా. మెదడుకున్న సొంత రక్షణ దళం.

1919లో మాడ్రిడ్‌లో పియో దెల్ రియో ఒర్తేగా వెండి లవణంతో రంగు పట్టించి వీటిని విడిగా గుర్తించాడు. ఆయన చూసింది చచ్చిన కణజాలం. అందులో కదలిక ఎక్కడిది? మెదడుకు దెబ్బ తగలనంతసేపు ఇవి విశ్రాంతిలో ఉంటాయని ఆ తర్వాత దశాబ్దాలపాటు అనుకున్నారు.

హైడెల్‌బర్గ్ ప్రయోగంలో పరిశోధకులు ఆక్సెల్ నిమ్మర్‌యాన్, ఫ్రాంక్ కిర్ఖోఫ్, ఫ్రిట్యోఫ్ హెల్మ్‌చెన్‌ల కళ్లెదుట ఆ మాట వీగిపోయింది. కణం ఉన్నచోటే ఉంది, కొమ్మలు మాత్రం క్షణం ఊరుకోవడం లేదు. పందిరి కోసం వెతుక్కునే బీరతీగ నులితీగల్లా సాగుతున్నాయి, ముడుచుకుంటున్నాయి, మరోవైపు తడుముతున్నాయి. నిమిషానికి సుమారు ఒకటిన్నర మైక్రాన్లు. ఈ లెక్కన కొన్ని గంటలకోసారి మెదడంతా తడిమేస్తాయి. మన తలలోనూ ఇదే జరుగుతోందనుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

లేజర్‌తో సన్నని రక్తనాళాన్ని గాయపరిచారు. దగ్గర్లోని కొమ్మలన్నీ అటు తిరిగాయి, నిమిషాల్లో గాయాన్ని చుట్టేశాయి. ఈ సంగతి 2005లో లోకానికి తెలిసింది. అదే ఏడాది న్యూయార్క్‌లో వెన్-బియావో గాన్ బృందం వాటిని పిలిచిందెవరో తేల్చింది. గాయం దగ్గర పోగయ్యే ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే అణువు.

ఆ పిలుపు లోపలికి చేరడంలో కాల్షియానిది పెద్ద పాత్ర. కణం లోపలి స్వేచ్ఛా కాల్షియం బయట ఉన్నదానిలో దాదాపు పదివేలో వంతు. అందుకే కాస్త పెరిగినా కణానికి తెలిసిపోతుంది. ఏటీపీ తగలగానే లోపలి నిల్వల నుంచి కాల్షియం ఎగదన్నుతుంది. 2011లో ఓల్గా గరాష్చుక్ బృందం బతికున్న ఎలుకలో ఒకే ఒక్క నాడీకణాన్ని దెబ్బతీస్తే, పక్కనున్న మైక్రోగ్లియాలో కాల్షియం అమాంతం పెరిగింది. ఒక్క కణం కోసం! 2020లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఇంకో వింత చూశారు. నాడీకణాలు మూర్ఛలో చెలరేగినా, మత్తులో సద్దుమణిగినా ఆ కొమ్మల్లో కాల్షియం పెరుగుతోంది. అలజడినే కాదు, నిశ్శబ్దాన్నీ పసిగడుతున్నాయి.

మరి ఏ గాయమూ లేనప్పుడు సాగే గస్తీని నడిపేదేమిటి? 2018లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో క్రిస్టియన్ మాద్రీ, డేవిడ్ అట్‌వెల్ బృందం థిక్-1 అనే పొటాషియం ఛానల్‌ను మూసి చూసింది. కొమ్మలు కురచయ్యాయి, గస్తీ మందగించింది. మంటను రేపే ఇంటర్‌ల్యూకిన్-1బీటా విడుదల కూడా తగ్గింది. కణంలోంచి పొటాషియం బయటికి పోవడమే ఆ రసాయనాన్ని విడుదల చేయించే సంకేతం మరి.

కానీ ఏటీపీ పిలిస్తే? కొమ్మలు అటే పరుగెత్తాయి. థిక్-1 మూసి ఉన్నా సరే. ఆ పరుగును నడిపేది పీ2వై12 అనే గ్రాహకం.