పండు మాగడంలో ఇథిలీన్: చరిత్ర, నెల్లూరు నిమ్మ

ఇథిలీన్ మొక్కలు తమలో తామే తయారుచేసుకునే హార్మోను, రంగులేని వాయువు. కాయలో పిండి చక్కెరగా మారడం, కండ మెత్తబడడం, తొక్కలోని పత్రహరితం విరిగిపోవడం, వాసన పుట్టడం దీని ప్రేరణతో జరిగే పనులు. అయితే అన్ని పండ్లూ దీనికి ఒకేలా లొంగవు. మామిడి, అరటి, సపోటా, టమాటా కోసిన తర్వాత కూడా మాగుతాయి. అప్పుడు వాటి శ్వాసక్రియ ఒక్కసారిగా ఉధృతమవుతుంది కనుక శాస్త్రజ్ఞులు వాటిని క్లైమాక్టరిక్ పండ్లు అన్నారు. నిమ్మ, బత్తాయి, ద్రాక్ష అలా కాదు, చెట్టు మీద ఎంత పండితే అంతే. కోసిన నిమ్మకాయకు ఇథిలీన్ తగిలితే తొక్క పసుపుకు తిరుగుతుంది, రసంలో పులుపు మాత్రం తగ్గదు.

ఈ నిమ్మ నెల్లూరు ప్రాంతంలో అంతటా పండదు. నెల్లూరుకు ఆగ్నేయంగా, సముద్రపు ఒడ్డున ఉన్న కృష్ణపట్నం చుట్టుపక్కల వరి, రొయ్యల చెరువులే ఎక్కువ. పడమటి మెట్టకు వెళ్తే పొదలకూరు, సైదాపురం, రాపూరు, గూడూరు ప్రాంతాల నిమ్మతోటలు వస్తాయి. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి నిమ్మకాయలు లారీల్లో ఢిల్లీ దాకా వెళ్తాయి. ఇథిలీన్ చరిత్రలో నిమ్మజాతికి పెద్ద స్థానమే ఉంది.

ఇథిలీన్ సంగతి తెలియకముందే మనుషులు దాన్ని వాడుకున్నారు. వరిగడ్డిలో మామిడికాయలు కప్పి మాగబెట్టడం తెలుగునాట తరతరాల అలవాటు; ప్రాచీన ఈజిప్టులో అత్తిజాతి కాయలకు గాట్లు పెట్టి పండించేవారు.

శాస్త్రీయ చరిత్ర 19వ శతాబ్దపు వీధిదీపాల గ్యాసుతో మొదలవుతుంది. గొట్టాల నుంచి గ్యాసు కారినచోట చెట్లు ఆకులు రాల్చేవి. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే యువ పరిశోధకుడు ప్రయోగశాలలో బఠాణీ మొలకలు నిటారుగా కాక పక్కకు పెరగడం గమనించాడు. బయటి గాలిలో పెంచితే అవి మామూలుగానే ఉన్నాయి. కారణం దీపపు గ్యాసులోని ఇథిలీన్ అని తేల్చాడు. 1910లో జమైకా నుంచి కజిన్స్ అనే పరిశోధకుడు, ఓడల్లో నారింజలను అరటిగెలల పక్కన ఉంచితే గెలలు ముందే పండిపోతున్నాయని నివేదించాడు. ఆరోగ్యంగా ఉన్న నారింజ ఇథిలీన్‌ను అతి స్వల్పంగానే విడుస్తుంది. ఆ పని కాయలకు పట్టిన బూజుది కావచ్చునని తర్వాతి పరిశోధకులు భావించారు.

అప్పటికి కాలిఫోర్నియా వర్తకులు పచ్చి నిమ్మకాయలను కిరోసిన్ పొయ్యిలు వెలిగించిన గదుల్లో ఉంచి రంగు తెప్పిస్తున్నారు. రంగు తెచ్చేది వేడిమి అనే అందరూ నమ్మారు. 1912లో సీవర్స్, ట్రూ అనే పరిశోధకులు దాన్ని పరీక్షించి, అసలు కారణం పొయ్యి నుంచి వచ్చే వాయువులని చూపించారు. 1924లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫ్రాంక్ డెనీ ఆ వాయువుల్లో పనిచేసేది ఇథిలీన్ అని నిరూపించాడు. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు ఉన్నా నిమ్మకు రంగు వస్తుందని అతడు లెక్క తేల్చిన తీరు ఎంతో నిశితమైనది. నేటి మాగబెట్టే గదులన్నిటికీ ఆ ప్రయోగమే పునాది.

1934లో ఇంగ్లండులో గేన్ అనే శాస్త్రజ్ఞుడు, పండు తానే ఇథిలీన్‌ను తయారుచేస్తుందని రుజువు చేశాడు. అంతవరకూ పొగలో ఉండే వాయువుగా తెలిసినది అప్పుడు మొక్క సొంత పదార్థమైంది. 1979లో ఆడమ్స్, షాంగ్ ఫా యాంగ్ మిథియోనిన్ నుంచి ఏసీసీ అనే మధ్యస్థ పదార్థం ద్వారా ఇథిలీన్ పుట్టే దారిని పూర్తిగా గుర్తించారు. 1993లో దాన్ని పసిగట్టే ఈటీఆర్1 గ్రాహకపు జన్యువు బయటపడింది. ఇథిలీన్ లేనప్పుడు ఈ గ్రాహకం స్పందనను అణచి ఉంచుతుంది, ఇథిలీన్ వచ్చి అతుక్కోగానే ఆ అడ్డు తొలగుతుంది.

తెలుగు మార్కెట్లలో ఈ జ్ఞానం చాలాకాలం కార్బైడ్ పొట్లాల రూపంలోనే కనిపించింది. కాల్షియం కార్బైడ్ తేమ తగిలితే ఎసిటిలీన్ విడుస్తుంది. అది ఇథిలీన్‌ను అనుకరిస్తుంది. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి కనుక పండ్లకు దాని వాడకం దేశంలో నిషిద్ధం. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తీవ్రంగా పట్టించుకుంది. 2016లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువు వాడవచ్చని అనుమతించింది. ఇది మేలైన నిర్ణయం. గదిలో వేడి, తేమ, వాయువు మోతాదు అదుపులో ఉంటే మామిడి లోపలా బయటా ఒకేలా పండుతుంది.

నిమ్మరైతుకు గోదాములో కంటే తోటలోనే హార్మోన్లతో పని ఎక్కువ. కాయకు గిరాకీ వేసవిలో, చెట్టు విరగకాసేది మాత్రం వానాకాలంలో. అందుకే వేసవికి కాయ తెప్పించే హస్తబహార్ పద్ధతిలో జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మరో హార్మోనును 50 పీపీఎం పిచికారీ చేసి అప్పటి పూతను ఆపుతారు. సెప్టెంబరులో పెరుగుదలను నిలువరించే సైకోసెల్ 1000 పీపీఎం, అక్టోబరులో 1 శాతం పొటాషియం నైట్రేట్ కొడతారు. వాటితోపాటు నీరు కట్టడం కొన్నాళ్లు మానితే చెట్టు బెట్టకు వచ్చి, తర్వాత పూత పట్టి, ఏప్రిల్, మే నెలలకు కాయ చేతికొస్తుంది. జిబ్బరెల్లిక్ ఆమ్లాన్నే కాయ రంగు తిరగకముందు కొడితే ఇథిలీన్ ప్రభావాన్ని అడ్డుకుని తొక్క పచ్చదనాన్ని మరికొన్నాళ్లు నిలుపుతుంది.