రాయవేలూరులో తోడు

1981 ఎండాకాలంలో మా అమ్మ రెండు సంచులు, ఒక చాప సర్దుకుని, అన్నను వెంటబెట్టుకుని చిత్తూరులో వేలూరు బస్సెక్కింది. మా వైపు పెద్దవాళ్లు ఆ ఊరిని రాయవేలూరనే అంటారు. అన్నకు అప్పుడు 21 ఏళ్లు. ఏడాదిగా రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. ఎవరో పిలుస్తున్నారని గోడకు చెవి ఆనించి నిలబడేవాడు. తాయెత్తులయ్యాయి, దర్గాలో నిద్రలయ్యాయి, నిమ్మకాయలు కోయడమయింది. చివరికి మేనమామ కనుక్కొచ్చాడు: వేలూరు దగ్గర బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాలవాళ్ల మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది, చేర్చుకుంటారు, కానీ ఇంటి మనిషి ఒకరు తోడుండాల.

ఎవరుండాలన్న మాటే ఇంట్లో రాలేదు. నాయన ఉద్యోగానికి పోవాల. నాకు ఇంటర్ పరీక్షలు. అమ్మ సంచి సర్దుకుంది, అంతే.

తోడుండాలన్న ఆ నియమం ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు నాకు తట్టలేదు. ఈమధ్యే టీచరుగా రిటైరయ్యాక దాని వెంటబడి చదివాను. చదివేకొద్దీ నాకు అర్థమైంది, మా అమ్మ ఆ బస్సెక్కడం వెనక ఎంత చరిత్ర ఉందో.

అంతకుముందటి కాలమంతా గోడల కాలం. 1912 నాటి చట్టం ప్రకారం మతి తప్పిన మనిషిని ఆస్పత్రిలో పెట్టాలంటే చాలావరకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. లోపలికి పోయినవాడు ఇంటికి దూరమైనట్టే. చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మావాళ్లకు తెలిసిన పిచ్చాసుపత్రి మద్రాసులోని కీల్పాకే. ఆ పేరు మా వీధిలో తిట్టుగా వాడేవాళ్లు. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీస్తే, 40 కోట్ల జనాభా ఉన్న దేశానికి మానసిక ఆస్పత్రుల్లో ఉన్నవి సుమారు 10 వేల పడకలు. కాబట్టి గోడల లోపల చిక్కుకున్నవాళ్లు కొందరైతే, ఏ వైద్యమూ అందక ఇళ్లలో, వసారాల్లో గడిపినవాళ్లు ఎన్నో రెట్లు.

మార్పు అమృత్‌సర్‌లో మొదలైంది. దేశ విభజన ఆస్తులతో పాటు మతిస్థిమితం లేనివాళ్లను కూడా పంచింది. 1950లో లాహోర్ ఆస్పత్రిలోని హిందూ, సిక్కు రోగులను ఇటు, ఇక్కడి ముస్లిం రోగులను అటు పంపారు. ఉర్దూ కథకుడు మంటో రాసిన ‘టోబా టేక్ సింగ్’ కథ పుట్టింది ఈ మార్పిడి నుంచే. అలా వచ్చినవాళ్లలో చాలామందిని అమృత్‌సర్‌లో పెట్టారు. అక్కడి సూపరింటెండెంటు డాక్టర్ విద్యాసాగర్. వార్డులు చాలవు, నర్సులు చాలరు. ఆయన ఆవరణలో గుడారాలు వేయించి, రోగి తల్లినీ తండ్రినీ భార్యనూ కూడా అక్కడే ఉండమన్నాడు. చూసుకునే చేతులు దొరుకుతాయన్నది మొదటి లాభం. దానికన్నా పెద్దది ఆ తర్వాత బయటపడింది. తోడున్నవాళ్లు జబ్బును కళ్లతో చూశారు. అది గాలీ కాదు, చేతబడీ కాదు, మందుతో తగ్గుతోందని తెలుసుకున్నారు. పక్క గుడారంలోని తల్లితో మాట్లాడుకున్నారు. రోగి ఇంటికి పోయాక అతన్ని ఎట్లా చూసుకోవాలో ఆయన వాళ్లను కూర్చోబెట్టి చెప్పేవాడు. లేమిలోంచి పుట్టిన ఏర్పాటు ఒక వైద్య పద్ధతి అయింది. నాకు ఆయన మీద గౌరవం ఎందుకంటే, ఇంటివాళ్లను వాకిట్లో ఆపకుండా లోపలికి పిలిచాడు, నేల మీద చోటిచ్చాడు.

వేలూరులో మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో వచ్చింది. డాక్టర్ ఫ్లారెన్స్ నికల్స్ అనే కెనడా వైద్యురాలు అంతకుముందు లక్నోలో నూర్ మంజిల్ మానసిక ఆస్పత్రిలో పనిచేసి ఇక్కడికి వచ్చింది. ఇంటి మనిషి తోడుండడం ఈ కేంద్రానికి ముఖ్యమైన పద్ధతి అయింది. 1960లలో ఈ కుటుంబ పద్ధతి గురించి అమెరికా మనోవైద్య పత్రికలో కూడా రాశారు.

వేలూరు కేంద్రం మొదలైన రోజుల్లోనే లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు వేరే చోట తవ్వుతున్నాడు. ఆస్పత్రి నుంచి ఇళ్లకు పోయిన రోగుల్లో ఎవరికి మళ్లీ ముదురుతోంది అని చూశాడు. 1958లో ఆయనా సహచరులూ ప్రచురించిన ఫలితం నన్ను చాలాసేపు కూర్చోబెట్టేసింది. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో పోయినవాళ్లకంటే అద్దె గదుల్లోనో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల దగ్గరో ఉన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. అప్పటినుంచి ఇంట్లో రోగి గురించి ఎట్లా మాట్లాడతారన్నది కొలవడం మొదలుపెట్టారు. తప్పు పట్టే మాటలెన్ని, విసుగెంత, అతిగా మీద పడిపోవడమెంత. 1987లో విగ్, లెఫ్ అనే పరిశోధకులూ వాళ్ల సహచరులూ చండీగఢ్ కుటుంబాలను అదే కొలబద్దతో చూస్తే, లండన్ ఇళ్లకంటే ఇక్కడ తప్పు పట్టే మాటలు తక్కువని తేలింది.

మా నాయనను వాళ్లు కలిసి ఉంటే లెక్క కాస్త మారేదేమో. ఆయన అన్నను కొట్టలేదు, వదిలేయలేదు. కానీ ప్రతి పూటా అన్నం దగ్గర “ఎప్పుడు పనికి పోతావు రా” అనేవాడు. భయంతోనే అనేవాడని ఇప్పుడు తెలుస్తుంది. బాగాయం నుంచి వచ్చాక అమ్మ ఆ మాటను ఇంట్లో నిలిపేసింది. “అబ్బోడు తినేటప్పుడు ఏమీ అడగాకు” అని ఒక్కసారి చెప్పింది. నాయన ఆ తర్వాత అడగలేదు. రెండు నెలలు తోడుండి ఆమె నేర్చుకొచ్చిన చదువు అది.

తోడు లేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటి మనిషి రావాలన్న నియమం, ఇల్లే లేనివాడికి తలుపు కాదు, గోడ. ఇంటివాళ్లు వదిలేసి పోయినవాళ్లు ఎక్కడెక్కడో తేలారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో రామనాథపురం జిల్లా ఎర్వాడి దర్గా దగ్గర ఒక షెడ్డు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు అమ్మ అన్నం తినలేదు.

ఇన్ని పరిశోధనల్లో తోడు పాత్ర ఎంత గొప్పదో ఉంది. తోడున్న మనిషి ఏమైందన్నది మాత్రం చాలాకాలం పెద్దగా ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లు నాకు బెంగళూరులో దొరికారు. అమ్మ బాగాయంలో ఉన్న 1981లోనే పాయ్, కపూర్ అనే ఇద్దరు ఒక ప్రశ్నావళి ప్రచురించారు. రోగి ఇంటివాళ్ల మీద పడే భారాన్ని ఆరు భాగాలుగా అడుగుతుంది: డబ్బు, రోజువారీ పనులు, తీరిక, ఇంట్లో ఒకరితో ఒకరి సంబంధాలు, మిగతావాళ్ల ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. ఆఖరున ఒక ప్రశ్న: ఈ జబ్బు వల్ల మీరు ఎంత బాధపడ్డారు? చాలా, కొంచెం, అసలు లేదు.

పోయిన నెల ఆ ప్రశ్నలు తెలుగులో రాసుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెకు 85. అన్న ఆ పక్క గదిలో రేడియో వింటున్నాడు, మాత్రలు వేళకు వేసుకుంటాడు, ఉదయం పాలు తెచ్చేది ఇప్పటికీ తనే.

డబ్బు గురించి అడిగితే “సీమావును అమ్మేస్తిమి గదా” అంది. ఆ సంగతి నాకు తెలియదు. నేను పరీక్షల కోసం పిన్నమ్మ ఇంట్లో ఉన్న రోజులవి. “పాలు పిండేదానికి ఎవరుండారు? మీ నాయన దగ్గరికి పోతే తన్నేది. పోయేముందర దాన్ని కడిగి, పసుపు పెట్టి పంపిస్తిని.” తీరిక అన్న ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. రెండు రకాలుగా చెప్పి చూశాను, తర్వాత వదిలేశాను. ఒంటి ఆరోగ్యం దగ్గర నడుం చూపించింది. నేల మీద పడుకుని అట్లయిందట.

ఆఖరి ప్రశ్న అడిగాను. అమ్మ పక్క గది వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“కొంచెం” అంది.

కాగితం మీద 1 అని రాశాను.