పోరంబోకు అన్న మాట: అడయారు మొగ కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మదరాసులో నాతోపాటు పనిచేసిన మిత్రులు ఆఫీసుకు వస్తూ పోతూ బస్సులో దాటిన అడయారు నదిని గురించి వ్రాస్తున్నాను. ఆ నదికి నేను కొంత బాకీ పడి ఉన్నాను.

అడయారు చిన్న నది. పొడవు సుమారు 42 కిలోమీటర్లు. చెంబరంబాక్కం చెరువు మిగులునీరు దీనిలోనే కలుస్తుంది. సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేట వేసి ఉంటుంది. మంచినీరూ ఉప్పునీరూ కలిసే అక్కడి బురదలో పురుగులు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటికోసం చలికాలంలో ఉల్లంకి పిట్టలు ఉత్తరదేశాల నుండి వచ్చి వాలుతాయి. వరద వచ్చినప్పుడు ఆ పల్లపు నేలే నీటిని తనలో పరచుకొని నిదానంగా సముద్రానికి వదులుతుంది.

ఈ మొగకు చరిత్రలోనూ చోటుంది. 1746 అక్టోబరు 24న ఆర్కాటు నవాబు కుమారుడు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో ఇక్కడ నిలబడగా, పారదీ నాయకత్వంలోని కొద్దిపాటి ఫ్రెంచి దళం నది దాటి వచ్చి ఓడించింది. 1882లో దివ్యజ్ఞాన సమాజం వారు దక్షిణపు ఒడ్డున తోట కొన్నారు. అక్కడి పెద్ద మర్రిచెట్టు మొదలు మాను 1989 గాలివానలో ఒరిగిపోయినా, ఊడలు నిలిచి నేటికీ నీడనిస్తున్నాయి. ఉత్తరపు వైపున దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి మన వారందరికీ పరిచయమే.

ఇక నా సంగతి. 1980 ప్రాంతంలో మేము కొందరం ఇళ్ళ స్థలాల కోసం సహకార సంఘం పెట్టుకున్నాము. నేను కార్యదర్శిని. నది ఒడ్డు పల్లం కావాలని అర్జీ తయారు చేసినది నేనే. "నీరు నిలిచే నిరుపయోగమైన పోరంబోకు" అని వ్రాశాను. డ్రాఫ్టు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అంటే పనికిరానిది కాదు. శిస్తు వేయకుండా చెరువుకు, వాగుకు, పశువులకు, ఊరందరికీ విడిచిపెట్టిన భూమి. ఫైళ్ళతోనే బ్రతికిన నాకు ఇది తెలియక కాదు. ఇల్లు కావాలి, అంతే.

2015 డిసెంబరు 1 రాత్రి ఆ నీరు తన చోటు వెతుక్కుంటూ వచ్చింది. చెంబరంబాక్కం నుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదిలారు. తెల్లవారేసరికి మా కింది వాటా మునిగింది. నా సర్వీసు కాగితాలు, పెళ్ళి ఫోటోలు అన్నీ పోయాయి. పై వాటా వారి మెట్ల మీద కూర్చొని నా శ్రీమతి, "మీ అర్జీకి ఇప్పుడు జవాబు వచ్చిందండీ" అన్నది. నేను మాట్లాడలేదు. మాకు మేడ ఉంది కనుక బ్రతికాము. ఒడ్డున గుడిసెల వారికి అదీ లేదు.

మొగ పక్కన, చెత్తా ఇటుకరాళ్ళూ పోసి పూడ్చిన పాయలో 58 ఎకరాలను ప్రభుత్వం తవ్వించి, మడ మొక్కలు నాటించి, 2011లో తొల్కాప్పియ పూంగాగా తెరిచింది. మా మనుమడితో వెళ్ళి చూశాను. ఒకప్పటి చెత్తకుప్ప మీద పీతలు తిరుగుతున్నాయి. చెడినది కొంతైనా బాగుపడుతుందని అక్కడ నమ్మకం కలిగింది.

మిత్రులలో చాలామంది ఇప్పుడు కాలనీ సంఘాల్లో పెద్దలు. ఏ చెరువు శిఖం గురించో, వాగు పోరంబోకు గురించో కాగితం మీ ముందుకు వస్తే, సంతకం పెట్టే ముందు పాత గ్రామ నక్షా తెప్పించి చూడండి. ఆ పని నేను చేయలేదు.