గొలుసులు కొట్టిన స్త్రీలు

కనీస వేతనమును పెంచవలెనను మాట వినబడినప్పుడెల్ల రెండు కంఠములు దానిని వెన్నంటి వచ్చును. కూలి పెరిగినచో పనివాని యింట పొయ్యి వెలుగునని ఒకటి. కూలి పెరిగినచో పనియే పోవునని రెండవది. ఈ తగవు నేడు పుట్టినది కాదు. నూరేండ్లకు పూర్వము ఇంగ్లండులోని ఒక చిన్న ఊరిలో అది పది వారముల పోరాటమై నడిచెను. ఆ కథను నేడు శ్రోతలకు చెప్పదలచితిమి.

ఆ ఊరి పేరు క్రాడ్లీ హీత్. బర్మింగ్‌హామ్ నగరమునకు పడమట, గనుల పొగతోను కొలుముల మసితోను 'నల్లసీమ' యని పేరు తెచ్చుకొన్న ప్రాంతములో నున్నది. ఓడలకు కావలసిన పెద్ద గొలుసులను అచ్చటి కార్ఖానాలలో పురుషులు చేయుచుండిరి. సన్నని రకములు స్త్రీల వంతు; అదియు కార్ఖానాలో గాదు, ఇంటి పెరటి కొట్టములో. ఒక కొలిమి, ఒక దాగలి, ఒక సుత్తె. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి, వంచి, నరికి, ముందటి లంకెలో దూర్చి, కొసలు రెండును అతుకువరకు కొట్టవలెను. పిమ్మట మరల కడ్డీని నిప్పులో పెట్టవలెను. ఇట్లు దినమునకు ఎన్ని వేల సుత్తె దెబ్బలో!

కడ్డీలను తెచ్చి యిచ్చి, గొలుసులను తూచి పట్టుకొనిపోవువాడు దళారి. వానిని అచ్చట 'ఫాగర్' అనెడివారు. మన నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములలో ఇంటివద్ద బీడీలు చుట్టు స్త్రీలకు ఈ పద్ధతిని వివరింపనక్కరలేదు. తునికాకు, తంబాకు తూచి యిచ్చుట, చుట్టిన బీడీలను లెక్కించి తీసికొనుట, నచ్చని వానిని ఏరి పారవేయుట వారెరిగినదే. అసలు యజమాని కంటికి కనబడడు. ఇరుగింటి స్త్రీ ఎంతకు ఒప్పుకొన్నదో పొరుగింటి స్త్రీకి తెలియదు. నల్లసీమలో వారమునకు ఏబది గంటలకు పైగా సుత్తె ఎత్తినను చేతికి వచ్చునది 5, 6 షిల్లింగులు మాత్రమే.

ఇట్టి పనులను జనులకు కన్నులార చూపవలెనని 1906లో లండనులో ఒక ప్రదర్శన జరిగెను. 1909లో ట్రేడ్ బోర్డుల చట్టము వచ్చెను. నాడు వాణిజ్య మంత్రిగా నుండి దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టినవాడు విన్‌స్టన్ చర్చిల్. మన తరమువారికి ఆ పేరు వేరు కారణములచేత జ్ఞాపకముండును గాని, కనీస వేతన చరిత్రలో ఆయనకు ఈ స్థానమును ఇయ్యక తప్పదు. యజమానులు, పనివారు, తటస్థులు కలిసి కూర్చుండి వేతనమును నిర్ణయించుట ఈ చట్టపు పద్ధతి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1896లోనే ఇట్టి దారి త్రొక్కియుండెను. మొదట నాలుగు వృత్తులకే ఈ చట్టము వర్తించినది. వానిలో గొలుసుల పని యొకటి.

1910లో బోర్డు గంటకు 2½ పెన్నీలని నిర్ణయించెను. షిల్లింగునకు 12 పెన్నీలు గనుక, 54 గంటల వారమునకు 11 షిల్లింగుల 3 పెన్నీలగును. వెనుకటి రాబడికి ఇది దాదాపు రెట్టింపు.

అయితే చట్టములో ఒక సందు ఉండెను. తక్కువ కూలికే సమ్మతించుచున్నానని పనిమనిషి వ్రాసియిచ్చినచో యజమాని ఆరు నెలల పాటు క్రొత్త రేటు ఇయ్యనక్కరలేదు. కాగితములు అచ్చయి వచ్చెను. చదువురాని స్త్రీలు పలువురు అందులో నేమున్నదో తెలియకయే గుర్తులు పెట్టిరి. ఈ ఆరు నెలలలో చౌక కూలికి గొలుసులు కుప్పవేసికొని, పిమ్మట పని లేదని పొమ్మందురేమో యను అనుమానమును పుట్టెను.

ఆ సమయమున మేరీ మెకార్థర్ అను ముప్పదేండ్ల యువతి రంగములోనికి వచ్చెను. స్త్రీ కార్మికుల జాతీయ సమాఖ్యను 1906లో స్థాపించినది ఆమెయే. గుర్తులు వేయవద్దని ఆమె ఇల్లిల్లు తిరిగి చెప్పెను. వేయనివారికి ఆగస్టులో పని నిలిచిపోయెను. పోరాటమున నిలిచిన స్త్రీలు సుమారు ఎనిమిది వందలమంది. వారిలో డెబ్బది దాటిన వృద్ధలును ఉండిరి. రేడియో ప్రసారములు పుట్టని దినములవి. వారి ఊరేగింపులను చలనచిత్రముగా తీసి సినిమాశాలలలో చూపగా దేశమంతట జనులు చందాలు పంపిరి. దాదాపు 4,000 పౌన్లు పోగయ్యెను. అక్టోబరు 22వ తేదీన చివరి యజమానియు క్రొత్త రేటునకు సంతకము చేసెను. మిగిలిన చందాతో కార్మికుల కొరకు ఒక భవనము కట్టి 1912లో తెరచిరి.

ఇచ్చట యజమానుల పక్షమును గూర్చి ఒక మాట. వారందరును ఒక్క త్రాటిమీద లేరు. న్యాయమైన కూలి ఇయ్యగోరు పెద్ద వర్తకునికి, దళారుల చౌక సరకు అంగడిలో ప్రక్కలో బల్లెమై యుండెను. అందరికిని ఒకే రేటు అనినచో ఆ పోటీ తప్పును. అందుచేత బోర్డును కోరుకొన్న యజమానులును కలరు. పనివారు బ్రతుకుటకు చాలని కూలి ఇచ్చు వృత్తి ఇతరుల సొమ్ము తిని బ్రతుకు వృత్తియని సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతులు అంతకు మునుపే వాదించియుండిరి.

మరి పని పోయెనా? దీనిని వెదకి చూచినది ఆర్. హెచ్. టానీ అను పండితుడు. ఆ పరిశోధనకు ధనమిచ్చినది మన బొంబాయి వర్తకుడగు సర్ రతన్ టాటా యని మొదట చదివినప్పుడు మాకును ఆశ్చర్యమయ్యెను. దారిద్ర్యమునకు గల కారణములను పరిశోధించుటకై ఆయన లండను విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన విరాళముతో ఒక సంస్థ ఏర్పడెను. దానికి టానీ సంచాలకుడు. గొలుసుల పనిని గూర్చిన ఆయన గ్రంథము 1914లో వెలువడెను. కూలి పెరిగినది, భయపడినట్లు పనులు ఊడిపోలేదు అని ఆయన తేల్చెను. అయితే ఆ సంవత్సరములలో గొలుసులకు గిరాకి బాగుగనే ఉండెను. గిరాకి లేని దినములలోను ఇట్లే జరిగెడిదని ఈ ఒక్క ఉదాహరణమును పట్టుకొని చెప్పుట తొందరపాటగును.

గిరాకి లేనినాడు ఏమగునో తెలిసికొనుటకు మన దేశమునకే రావలెను. మన కనీస వేతనముల చట్టము 1948లో వచ్చెను. బీడీల పని, బియ్యపు మిల్లులు, వ్యవసాయము దాని పట్టికలో మొదటినుండియు నుండెను. నాడు ప్రత్యేక రాష్ట్రముగా నున్న అజ్మీరులో 1952లో బట్టల మిల్లులకు నెలకు 56 రూపాయలు కనీస వేతనముగా నిర్ణయించిరి. బిజయ్‌నగరములోని మిల్లు యజమానులు ఇంత భరింపజాలమని 1953లో మిల్లు మూసివేసిరి. అప్పుడు కార్మికులలో ఎక్కువమంది 35 రూపాయలకైనను పని చేయుదుమని ముందుకు వచ్చిరి. మిల్లు యజమానులు సుప్రీం కోర్టునకు పోయిరి.

క్రాడ్లీ హీత్ స్త్రీల గుర్తులు తెలియక పెట్టినవి. ఈ కార్మికుల సమ్మతి తెలిసియే ఇచ్చినది, ఆకలి ఇప్పించినది. 1948 నాటి మన చట్టము ఈ రెంటికిని తేడా చూపలేదు. నల్లసీమలో తెరచియుంచిన సందును దాని 25వ సెక్షను మూసివేసెను: కనీస రేటును తగ్గించు ఒప్పందము ఎవరు వ్రాసియిచ్చినను చెల్లదనెను. 1954లో సుప్రీం కోర్టు చట్టమును సమర్థించెను. ఒక్కొక్క యజమానికి కలుగు కష్టము చట్టమును కొట్టివేయుటకు చాలదనియు, పనివారిని కాపాడవలెనన్న ఒప్పందపు స్వేచ్ఛకు ఇట్టి హద్దు తప్పదనియు చెప్పెను. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతిలోను ఈ కోవకు చెందిన నిబంధన నిలిచియే యున్నది.